చలి దేశాల్లో వస్త్రరహిత జీవనం: శీతకాలాన్ని నేచురిస్టులు ఎలా గడుపుతారు?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నడిబొడ్డున, యూర్యోన్‌కాటు అనే వీధిలో, 1928లో ప్రారంభమైన ఒక ఈతకొలను ఉంది. పైకప్పు కింద కట్టిన ప్రజా ఈతకొలనుల్లో ఆ దేశానికి మొదటిది అదే. జనవరిలో ఆ వీధిన నడిచేవారు ఉన్ని టోపీలు, చేతొడుగులు, మందపాటి కోట్లు, మంచు మీద జారని బూట్లతో కనిపిస్తారు. అక్కడ ఈతకు వెళ్లేవారు అవన్నీ ఒక్కొక్కటిగా విప్పి అల్మారాలో పెట్టి, ఒంటిమీద నూలుపోగు లేకుండా నీళ్లలోకి దిగడం దశాబ్దాలుగా వస్తున్న ఆచారం. పురుషులకు, స్త్రీలకు వేర్వేరు రోజులు కేటాయించారు. 2001 వరకు అక్కడ ఈతదుస్తులు ధరించడానికి అనుమతే ఉండేది కాదు. ఆ తర్వాత ధరించడం, ధరించకపోవడం ఎవరి ఇష్టానికి వారికి వదిలేశారు.

వస్త్రరహిత జీవనం అనగానే చాలామందికి ఎండ కాసే సముద్రతీరాలు గుర్తుకొస్తాయి. అయితే ఈ ధోరణి బలంగా వేళ్లూనుకున్నది ఏడాదిలో సగం రోజులు చలి వీడని జర్మనీలో, స్కాండినేవియాలో, బ్రిటన్‌లో. బట్టలు లేకుండా స్నానం చేయడం సాధారణ ఆచారమైన ఫిన్లాండ్‌లో చలి ఇంకా తీవ్రం. ఆ దేశాల్లో శీతకాలం వస్తే నేచురిస్టులు ఏం చేస్తారన్నది సహజమైన సందేహమే. పంటి బిగువున చలిని ఓర్చుకుంటారన్నది అపోహ. శీతకాలపు నేచురిజం చలికి సంబంధించిన సాధన కాదు, వేడికి సంబంధించిన ఏర్పాటు. ఒక పొయ్యి, ఒక గది, సరిపడా ఇంధనం, అందరూ పాటించే నియమాలు ఉన్నచోటే అది నిలిచింది. వాటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రాణాల మీదికో, పోలీస్ స్టేషన్ దాకానో వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

మాట ఒకటి, అర్థాలు అనేకం

తెలుగులో ఈ స్థితికి మాటల కొరత లేదు. సంస్కృతం నుంచి వచ్చిన నగ్నం, దిగంబరం, వివస్త్రం ఉన్నాయి. దేశ్యపదాల్లో దిసమొల, బత్తల ఉన్నాయి. కానీ ఈ మాటలు మోసే భావాలను గమనిస్తే ఒక విషయం బోధపడుతుంది. దిక్కులనే అంబరంగా ధరించినవాడు దిగంబరుడు. అది విరాగి స్థితి. వివస్త్ర అనే మాట వినగానే కౌరవ సభ, ద్రౌపది కళ్లముందు మెదులుతాయి, అది అవమానం. దిసమొల అన్నది పసిపిల్లల ముచ్చట, లేదా పెద్దవారి మీద ఎత్తిపొడుపు. వైరాగ్యం, అవమానం, పసితనం... ఈ మూడూ కాకుండా, పెద్దవారు నలుగురి మధ్య రోజువారీ సౌఖ్యంగా భావించే నగ్నత్వానికి మన భాషలో స్థిరపడిన పదం లేదు. అందుకే నేచురిజం అనే ఎరువు మాటతోనే పని జరుపుకోవలసి వస్తోంది.

వివిధ దేశాల సంఘాలు కలిసి 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివెట్‌లో అంతర్జాతీయ నేచురిస్టు సమాఖ్యను ఏర్పాటు చేసుకున్నాయి. ప్రకృతితో సామరస్యంగా జీవించడం, పదిమందితో కలిసి వస్త్రాలు లేకుండా మెలగడం, తద్వారా తన పట్ల, ఎదుటివారి పట్ల, పర్యావరణం పట్ల గౌరవాన్ని పెంపొందించుకోవడం నేచురిజమని 1974లో అది నిర్వచించింది. ఈ నిర్వచనంలో లైంగికతకు చోటు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఉద్యమం మొదటినుంచీ ఎదుర్కొన్న ప్రధాన ఆరోపణకు అది సమాధానం.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. ఫిన్లాండ్ ప్రజల్లో అత్యధికులు తమను తాము నేచురిస్టులమని చెప్పుకోరు. బట్టలు విప్పి సౌనాలో కూర్చోవడం వారికి సిద్ధాంతం కాదు, స్నానం. జర్మనీలో అది సిద్ధాంతంగా మొదలై అలవాటుగా మారింది. దారులు వేరైనా శీతకాలం వచ్చేసరికి రెండూ ఒకే వేడిగదికి చేరతాయి.

శరీరం అనుమతించే మేరకు

వస్త్రాలు లేకుండా, కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా అనిపించే గాలి ఉష్ణోగ్రత సుమారు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. మానవజాతి పుట్టింది ఉష్ణమండలంలో అనడానికి ఇదొక ఆనవాలు. ఉష్ణోగ్రత అంతకంటే తగ్గగానే చర్మం అడుగున ఉన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతులు, కాళ్లు చల్లబడతాయి. శరీరం తన వేడిని గుండె, కాలేయం, మెదడు వంటి కీలక అవయవాలకు దాచిపెడుతుంది. అదీ చాలకపోతే వణుకు పుడుతుంది. వణుకు అంటే కండరాలు పని లేకుండా పనిచేసి వేడిని పుట్టించడమే. శరీర అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మాట తడబడటం, ఆలోచన మందగించడం దాని తొలి లక్షణాలు. ఆలోచన మందగించినవారికి తాము ప్రమాదంలో ఉన్నామన్న సంగతి తెలియకపోవడమే ఇందులోని అసలు ముప్పు.

పెద్దవారిలో కూడా చలికి స్పందించి వేడిని పుట్టించే బ్రౌన్ ఫ్యాట్ అనే గోధుమరంగు కొవ్వు చురుకుగా ఉంటుందని 2009లో వెలువడిన పరిశోధనలు నిర్ధారించాయి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం ఈ అధ్యయనాల్లో ముందు నిలిచింది. క్రమంగా చలికి అలవాటు పడినవారిలో ఆ కొవ్వు పనితీరు మెరుగవుతుంది, వణుకు ఆలస్యంగా మొదలవుతుంది. అంతమాత్రాన చలి మనిషిని వదిలేస్తుందని కాదు. అలవాటు కొన్ని నిమిషాల వెసులుబాటు ఇస్తుంది, అంతే.

నీటి విషయం వేరు. ఒకే ఉష్ణోగ్రత వద్ద గాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని గ్రహిస్తుంది. 15 డిగ్రీల కంటే చల్లని నీటిలోకి హఠాత్తుగా దిగితే ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది. రక్తపోటు పెరిగి, గుండె వేగం హెచ్చుతుంది. తల నీళ్లలో ఉండగా ఆ ఎగబీల్పు వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. చల్లని నీటిలో మొదటి రెండు మూడు నిమిషాల్లో జరిగే మరణాలకు కారణం చాలావరకు ఇదే, చలి కాదు. నీటిలోంచి బయటకు వచ్చాక కూడా కొంతసేపు శరీర ఉష్ణోగ్రత పడిపోతూనే ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఒడ్డుకు రాగానే ఒళ్లు తుడుచుకుని వెంటనే దుస్తులు వేసుకుంటారు.

శీతకాలపు ఈతగాళ్లలో వస్త్రాలు వద్దనేవారు చెప్పే కారణాల్లో ఒకటి పూర్తిగా ఆచరణాత్మకమైనది. తడిసిన ఈతదుస్తులు ఒంటికి అంటుకుని, గాలి తగిలినకొద్దీ వేడిని లాగేస్తాయి. ఒట్టి చర్మాన్ని ఒక్కసారి తువ్వాలుతో అద్దితే పొడిబారుతుంది. మంచు గడ్డలను కోసి తీసిన గుంటలోకి దిగే చాలామంది ఉన్ని టోపీ, చేతొడుగులు, పాదాలకు రబ్బరు చెప్పులు మాత్రం తప్పక వేసుకుంటారు. చూసేవారికి అది విచిత్రమైన అలంకరణే. వేళ్లు, చెవులే ముందుగా గడ్డకడతాయి గనుక అందులో తర్కం ఉంది.

ఫిన్లాండ్: 55 లక్షల జనాభా, 33 లక్షల సౌనాలు

యునెస్కో 2020 డిసెంబరులో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 55 లక్షల జనాభా ఉన్న దేశంలో సుమారు 33 లక్షల సౌనాలు ఉన్నాయని అంచనా. ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో, కార్యాలయాల్లో, చెరువుగట్ల మీది వేసవి విడిదుల్లో, చివరికి పార్లమెంటు భవనంలోనూ ఒకటి ఉంది.

సౌనా నిర్మాణం సరళమైనది. కలపతో కట్టిన గది, మెట్లుగా అమర్చిన చెక్క బల్లలు, కియువాస్ అనే పొయ్యి, దానిపై రాళ్లు. గదిలో ఉష్ణోగ్రత సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలి పొడిగా ఉండబట్టే చర్మం కాలదు. కాలిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు చల్లగానే ఆవిరి ఎగిసి, పై మెట్టు మీద కూర్చున్నవారి వీపును చుట్టేస్తుంది. ఆ ఆవిరిని ఫిన్నిష్‌లో లోయ్‌లూ అంటారు. ఈ మాటకు పూర్వార్థం ఊపిరి, ప్రాణం. ఫిన్నిష్‌కు దూరపు చుట్టమైన హంగేరియన్‌లో అదే ధాతువు నుంచి పుట్టిన లేలెక్ అనే మాటకు నేటికీ ఆత్మ అనే అర్థం. వేల ఏళ్ల కిందట విడిపోయిన రెండు భాషల్లో ఒకటి ఆ మాటను లోపలి ప్రాణానికి, మరొకటి రాళ్ల మీది ఆవిరికి దాచుకున్నాయన్నమాట. కొన్ని తరాల కిందటి వరకు పల్లెల్లో స్త్రీలు సౌనాలోనే పురుడు పోసుకునేవారు, మరణించినవారికి అక్కడే చివరి స్నానం చేయించేవారు. ఇంట్లో వేడినీళ్లు దొరికే, శుభ్రంగా ఉండే చోటు అదే కావడం ఇందుకు కారణం. అలాంటి గదిలో బట్టలు లేకపోవడం ఎవరికీ చర్చనీయాంశం కాలేదు.

టాంపెరే నగరంలోని రాయాపోర్త్తి సౌనా 1906 నుంచి నడుస్తోంది. ప్రస్తుతం పనిచేస్తున్న ప్రజా సౌనాల్లో ఆ దేశంలో అదే అతి పాతది. స్త్రీ పురుషులకు వేర్వేరు గదులు, ఉమ్మడి పెరడు ఉన్నాయి. చలికాలంలో వేడెక్కిన ఒంటితో, తువ్వాలు చుట్టుకుని పెరట్లో బల్ల మీద కూర్చున్నవారి భుజాల నుంచి పొగలు రావడం అక్కడ మామూలు దృశ్యం. చుట్టూ మంచు ఉన్నా కొన్ని నిమిషాలు వారికి చలి తెలియదు. విప్పారిన రక్తనాళాల నిండా వేడి నిలవ ఉంటుంది. అది ఖర్చయ్యేలోపు తిరిగి లోపలికి వెళ్లాలి. ఫిన్లాండ్ శీతకాలపు నగ్నత్వం మొత్తం ఈ చిన్న లెక్క మీద నడుస్తుంది.

చెరువు గడ్డకట్టినచోట మంచులో కోసిన గుంటను అవంతో అంటారు. సౌనా నుంచి అవంతోకు, అక్కడినుంచి మళ్లీ సౌనాకు తిరగడం పల్లెల్లో ఇప్పటికీ వారాంతపు కాలక్షేపం. 1937లో ఏర్పడిన ఫిన్నిష్ సౌనా సంఘం హెల్సింకీలో సముద్రం ఒడ్డున పొగ సౌనాలను నిర్వహిస్తూ ఈ పద్ధతిని కాపాడుతోంది.

స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఇదే తీరు మరో రూపంలో కనిపిస్తుంది. 1898లో మొదలైన రిబెర్స్‌బోరి స్నానశాల సముద్రంలోకి చొచ్చుకుపోయిన చెక్క వంతెన చివర ఉంది. స్త్రీలకు ఒకవైపు, పురుషులకు ఒకవైపు విభాగాలు. మధ్యలో సౌనా, బయట చల్లని సముద్రపు నీరు. ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

దౌత్యంలోనూ సౌనాకు చోటు దక్కింది. 1960 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు ఉర్హో కెక్కోనెన్ తన అరవయ్యో పుట్టినరోజుకు వచ్చిన సోవియట్ నేత నికితా కృశ్చేవ్‌ను తెల్లవారుజాము వరకు సౌనాలో కూర్చోబెట్టారు. పశ్చిమ ఐరోపా దేశాల స్వేచ్ఛా వాణిజ్య కూటమితో ఫిన్లాండ్ ఒప్పందం చేసుకోవడానికి సోవియట్ యూనియన్ ఆ పర్యటనలోనే సమ్మతి తెలిపింది.

మేలు ఎంత, ముప్పు ఎంత

తూర్పు ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 2,315 మంది నడివయసు పురుషులను సుమారు 20 ఏళ్లపాటు పరిశీలించిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. వారానికి ఒక్కసారి సౌనాకు వెళ్లేవారితో పోలిస్తే నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేవారిలో ఆకస్మిక హృద్రోగ మరణాల ముప్పు 63 శాతం తక్కువగా నమోదైంది. ఈ అంకెను ప్రచారకర్తలు తరచూ ఉటంకిస్తారు. అది పరిశీలనాత్మక అధ్యయనం మాత్రమేనని, వారంలో ఏడుసార్లు సౌనాకు వెళ్లగలిగిన మనిషి మొదటే ఆరోగ్యవంతుడై ఉండవచ్చని చెప్పడం మరచిపోతుంటారు.

ఫిన్లాండ్‌లో సౌనాలో సంభవించే మరణాలు ఏటా లక్ష జనాభాకు రెండు కంటే తక్కువ. వారిలో దాదాపు సగం మంది మద్యం ప్రభావంలో ఉన్నవారని అక్కడి పరిశోధకులు తేల్చారు. పోటీతత్వం మరో ప్రమాదం. హైనొలా పట్టణంలో ఏటా జరిగే ప్రపంచ సౌనా పోటీల్లో 110 డిగ్రీల గదిలో ఎవరు ఎక్కువసేపు కూర్చోగలరో చూసేవారు. 2010 ఫైనల్‌లో రష్యాకు చెందిన పోటీదారుడు ప్రాణాలు కోల్పోగా, ఫిన్లాండ్ పోటీదారుడు తీవ్రంగా కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత పోటీలను శాశ్వతంగా నిలిపివేశారు.

గుండెజబ్బులు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుల సలహా లేకుండా మంచునీటిలోకి దిగకూడదు. ఒంటరిగా దిగడం ఎవరికీ మంచిది కాదు.

జర్మనీ: సిద్ధాంతంగా మొదలై...

జర్మనీలో ఈ ధోరణిని ఎఫ్‌కేకే అంటారు. స్వేచ్ఛాదేహ సంస్కృతి అని ఆ మూడక్షరాల పూర్తి రూపానికి అర్థం. పందొమ్మిదో శతాబ్దం చివర పొగగొట్టాల నగరాల్లో, గాలి వెలుతురు లేని కార్మిక వాడల్లో క్షయ, రికెట్స్ విజృంభించాయి. గాలి, వెలుగు, వ్యాయామమే మందులని నమ్మిన జీవన సంస్కరణవాదుల్లోంచి ఎఫ్‌కేకే పుట్టింది. అంతకు ముందే, 1850లలో, స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్నాల్డ్ రిక్లీ నేటి స్లొవేనియాలోని బ్లెడ్‌లో గాలి స్నానాలతో చికిత్స మొదలుపెట్టారు.

ఈ చరిత్రలో దాచలేని మచ్చ ఉంది. తొలి ప్రచారకులైన హైన్రిష్ పుడోర్, రిషార్డ్ ఉంగెవిట్టర్ ఆరోగ్యంతోపాటు జాతి స్వచ్ఛతను, యూదుల పట్ల ద్వేషాన్ని బోధించారు. మరోవైపు 1920లలో బెర్లిన్ ఉపాధ్యాయుడు అడాల్ఫ్ కోఖ్ కార్మిక కుటుంబాల కోసం వ్యాయామశాలలు నడిపారు. చలికాలంలోనూ నాలుగు గోడల మధ్య వస్త్రరహిత వ్యాయామం, వైద్య పరీక్షలు వాటి ప్రత్యేకత. 1929లో బెర్లిన్‌లో తొలి అంతర్జాతీయ సమావేశాన్ని కూడా ఆయనే ఏర్పాటు చేశారు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ప్రష్యా అంతర్గత వ్యవహారాల మంత్రిగా హెర్మాన్ గోరింగ్ నగ్న సంస్కృతిని అణచివేయాలని ఉత్తర్వు జారీ చేశారు. కోఖ్ సంస్థలు మూతపడ్డాయి. జాతివాదాన్ని తలకెత్తుకున్న శాఖ మాత్రం వేరే పేర్లతో బతికింది. 1924లో మనిషి, సూర్యుడు అనే అర్థం వచ్చే పుస్తకంతో ప్రసిద్ధుడైన హాన్స్ సూరెన్ నాజీ పార్టీలో చేరి, 1936లో అదే పుస్తకాన్ని ఆర్యజాతి కీర్తనగా మార్చి అచ్చు వేయించుకున్నారు. బట్టలు విప్పినంత మాత్రాన మనుషుల మధ్య హెచ్చుతగ్గులు పోతాయని ఉద్యమం చెప్పుకునే మాటకు ఈ అధ్యాయం అడ్డుపడుతూనే ఉంటుంది.

యుద్ధానంతరం తూర్పు జర్మనీ పాలకులు బాల్టిక్ తీరంలో వస్త్రరహిత స్నానాలను నిషేధించడానికి ప్రయత్నించి, ప్రజల పట్టుదలకు తలొగ్గి 1956లో నిర్ణీత ప్రాంతాల్లో అనుమతించారు. శీతకాలం వచ్చేసరికి తీరాలు ఖాళీ అయి సౌనాలు నిండేవి. 1989 నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకున్న రాత్రి, తూర్పు బెర్లిన్‌లో ఉంటున్న యువ శాస్త్రవేత్త ఏంజెలా మెర్కెల్ ప్రతి గురువారం వెళ్లే అలవాటు ప్రకారం స్నేహితురాలితో సౌనాకు వెళ్లారు. గోడ దాటింది ఆ తర్వాతే. ఈ సంగతిని ఆమే పలుమార్లు చెప్పుకున్నారు.

నేటి జర్మనీ సౌనాల్లో నియమం ఫిన్లాండ్‌కు భిన్నం. ఫిన్లాండ్ ప్రజా సౌనాల్లో వస్త్రాలు లేనిచోట స్త్రీ పురుషులు వేరువేరుగా ఉంటారు. కలిసి కూర్చునేచోట ఈతదుస్తులు ధరిస్తారు. హెల్సింకీ తీరంలో 2016లో ప్రారంభమైన ప్రసిద్ధ లోయ్‌లూ సౌనాలో ఈతదుస్తులు తప్పనిసరి. జర్మనీలో స్త్రీ పురుషులు కలిసే కూర్చుంటారు, అదీ వస్త్రాలు లేకుండా. ఈతదుస్తులు వేసుకుని లోపలికి వెళితే సిబ్బంది బయటకు పంపుతారు. కృత్రిమ దారాల బట్టలో చెమట ఇంకి అపరిశుభ్రత పెరుగుతుందన్నది వారు చెప్పే కారణం.

ఉన్నత చదువులకు, ఉద్యోగాలకు జర్మనీ చేరిన తెలుగువారిలో పలువురికి ఇది మొదటి చలికాలంలోనే ఎదురయ్యే సాంస్కృతిక విఘాతం. సహోద్యోగులు సౌనాకు పిలిచినప్పుడు నిరాకరించడం అమర్యాద కాదు, ఎవరూ తప్పుపట్టరు. వెళ్లదలచినవారు ముందుగా స్నానం చేయాలి. పాదాలతో సహా ఒళ్లంతా ఆనేంత పెద్ద తువ్వాలు బల్ల మీద పరచుకోవాలి. చెమట చుక్క కలప మీద పడకూడదు. అంతవరకు తువ్వాలు చుట్టుకుని నడవవచ్చు. ఎదుటివారి వైపు తేరిపార చూడటం, గట్టిగా మాట్లాడటం తగదు. ఫోన్ లోపలికి తీసుకువెళ్లడం అన్నిటికంటే పెద్ద తప్పు. అనేక స్నానశాలలు వారంలో ఒక రోజు స్త్రీలకే కేటాయిస్తాయి. మొదటిసారి వెళ్లే మహిళలు ఆ రోజునే ఎంచుకోవచ్చు.

ఈ ఏర్పాటంతా ఇంధనం మీద ఆధారపడి ఉందని 2022 గుర్తుచేసింది. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో రష్యా గ్యాస్ సరఫరా తగ్గిపోగా, జర్మనీలో అనేక పట్టణాలు ఈతకొలనుల ఉష్ణోగ్రత తగ్గించాయి, సౌనాలను మూసివేశాయి. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ప్రభుత్వ కార్యాలయ గదులను 19 డిగ్రీలకు మించి వేడి చేయరాదని నిబంధన వచ్చింది. కోటు తొడుక్కున్నవారికి 19 డిగ్రీలు సరిపోతాయి. బట్టలు లేనివారికి అంతకంటే పది డిగ్రీలు ఎక్కువ కావాలి, ఆ పది డిగ్రీలకు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. నేచురిస్టు సంఘాల్లో సభ్యుల సంఖ్య తగ్గుతూ, ఉన్నవారి వయసు పెరుగుతున్న సమయంలో ఈ భారం మరింత బరువైంది.

పైకప్పు లేనిచోట

బ్రిటన్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని స్పీల్‌ప్లాట్జ్ 1929లో ఏర్పడిన నేచురిస్టు కాలనీ. అక్కడ సెలవులకు వచ్చేవారే కాక ఏడాది పొడవునా నివసించే కుటుంబాలూ ఉన్నాయి. చలి ముదిరితే వారూ అందరిలాగే స్వెట్టర్లు వేసుకుంటారు. వీలైనప్పుడు వస్త్రాలు లేకుండా, అవసరమైనప్పుడు వస్త్రాలతో ఉండాలన్నదే నేచురిస్టుల్లో ఎక్కువమంది పాటించే సూత్రం. దాన్ని రాజీగా వారు భావించరు.

రాజీ పడనివారూ ఉన్నారు. బ్రిటన్ మాజీ నావికాదళ సైనికుడు స్టీఫెన్ గోఫ్ 2003 వేసవిలో ఇంగ్లండ్ నైరుతి కొసన బయలుదేరి, బూట్లు, టోపీ, వీపు సంచితో మాత్రమే నడుస్తూ 2004 జనవరిలో, నడి చలికాలంలో, స్కాట్లాండ్ ఉత్తర కొసకు చేరారు. దారిలో పలుమార్లు అరెస్టయ్యారు. తర్వాతి ఏళ్లలో కోర్టులోనూ బట్టలు వేసుకోవడానికి నిరాకరించడం, విడుదలై జైలు గేటు దాటగానే మళ్లీ అరెస్టు కావడం పరిపాటిగా మారింది. అలా ఆయన జైల్లో గడిపిన కాలం మొత్తం ఏడేళ్లు దాటింది, అందులో అధికభాగం ఒంటరి గదిలోనే. ఇది తన భావప్రకటన స్వేచ్ఛకు, వ్యక్తిగత జీవన హక్కుకు భంగమని ఆయన ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. బహిరంగ నగ్నత్వం భావప్రకటనలో భాగం కాగలదని 2014 అక్టోబరులో న్యాయస్థానం అంగీకరించింది. అయితే ఇతరులు నొచ్చుకునే చోట్ల పదేపదే అలా తిరిగే హక్కు లేదంటూ, ఒప్పందం ఉల్లంఘన జరగలేదని తీర్పు చెప్పింది. చలి ఆపలేని మనిషిని చట్టం ఆపింది.

ముందస్తు అనుమతి, చుట్టూ రక్షణ సిబ్బంది ఉంటే అదే పని పండుగగా మారుతుంది. దక్షిణార్ధగోళంలో జూన్ చలికాలం. ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాజధాని హోబార్ట్‌లో డార్క్ మోఫో ఉత్సవంలో భాగంగా 2013 నుంచి శీతకాలపు అయనాంత వేళ వస్త్రరహిత ఈత జరుగుతోంది. సూర్యోదయ సమయంలో ఎర్ర టోపీలు మాత్రం ధరించి జనం గుంపుగా నీళ్లలోకి పరుగెత్తుతారు, కాసేపటికే వణుకుతూ తువ్వాళ్లలోకి తిరిగి వస్తారు.

భారత్‌లో: ధుని, తపస్సు, చట్టం

చలిలో వస్త్రాలు లేకుండా ఉండటం భారతీయులకు కొత్త కాదు, కానీ ఇక్కడ అది సౌఖ్యం కోసం కాదు. 2025 జనవరి 13న ప్రయాగ్‌రాజ్‌లో మొదలైన మహాకుంభమేళాలో నాగసాధువులు ఒంటినిండా విభూతి పూసుకుని తెల్లవారుజామున గంగలో మునిగారు. వారి పక్కన రేయింబవళ్లు వెలిగే ధునిని చాలామంది పూజాగ్నిగానే చూస్తారు. ఆ చలిలో అది కాపాడే వేడి కూడా. దిగంబర జైన మునులకు ఆ వెసులుబాటు లేదు. నిప్పు రాజేయడం వారి అహింసావ్రతానికి విరుద్ధం. హిమాలయ ప్రాంతపు బౌద్ధుల తుమ్మో ధ్యానం మరో తరహా. అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ బృందం ధర్మశాల వద్ద ముగ్గురు సాధకులను పరీక్షించి, వారు తమ చేతి, కాలి వేళ్ల ఉష్ణోగ్రతను 8.3 డిగ్రీల వరకు పెంచుకోగలిగారని 1982లో ప్రకటించింది. తెలుగునాట వేమనను చిత్రకారులు తరతరాలుగా దిగంబరుడిగానే గీస్తున్నా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. విరాగికి సమాజం ఇచ్చే మినహాయింపు గృహస్థుకు ఇవ్వదు.

చట్టమూ అంతే. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగించే అసభ్య చర్యకు భారతీయ న్యాయ సంహితలోని 296వ సెక్షన్ మూడు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. నగ్నత్వం దానికదే అశ్లీలం కాదని, సందర్భాన్ని, సమకాలీన సమాజ ప్రమాణాలను చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. అయితే అది ఒక ఛాయాచిత్రం ప్రచురణకు సంబంధించిన తీర్పు; వీధిలోనో చెరువుగట్టునో బట్టలు విప్పే హక్కును అది ఇవ్వలేదు. దేశంలో అధికారికంగా గుర్తింపు పొందిన వస్త్రరహిత తీరం కూడా లేదు.

విచిత్రమేమిటంటే, ఆధునిక ప్రపంచంలో నమోదైన తొలి నేచురిస్టు సంఘం ఐరోపాలో కాదు, భారతదేశంలోనే ఏర్పడింది. బొంబాయి ప్రెసిడెన్సీలో ఠాణే జిల్లా, సెషన్స్ న్యాయమూర్తిగా పనిచేస్తున్న చార్ల్స్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫోర్డ్ 1891లో దాన్ని స్థాపించారు. మాథేరాన్ కొండల్లో సమావేశమయ్యేవారు. సంఘం విశేషాలను ఆయన ఇంగ్లండ్‌లోని రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు ఉత్తరాల్లో రాసి పంపేవారు. వాటివల్లే ఈ సంగతి నేడు తెలుస్తోంది. సభ్యులు ముగ్గురే.